వినబడితే కొలుద్దాం

వాల్వ్ ఆంప్లిఫైయర్ దగ్గరికొచ్చేసరికి మన హాస్టల్లో రెండు పార్టీలు. ఒక పార్టీ "ఆ సౌండే వేరు మామా, మీటర్లకి అందదు" అంటుంది. రెండో పార్టీ, అందులో ఎక్కువమంది మన ఈసీఈ వాళ్లే, "అంతా భ్రమ, స్పెసిఫికేషన్ చూస్తే చాలు" అంటుంది. నా దృష్టిలో రెండు పార్టీలదీ సగం మాటే. వాల్వ్ డిజైన్ల మధ్య చెవికి తెలిసే తేడాలు నిజంగానే ఉన్నాయి. అట్లా తెలిసిన తేడాని కొలవొచ్చు కూడా. కాకపోతే ఏది కొలవాలో అది కొలవాలి.

ఇది ఊసుపోక చేసే వాదన కాదు. ఉదయగిరి నుంచి వచ్చిన నా రూమ్మేట్ ఆరు వేలు కూడబెట్టి ఆన్‌లైన్లో "ట్యూబ్ ఆంప్" కొందామని చూస్తున్నాడు. ఆ ధరలో వచ్చేవాటిల్లో చాలావరకు ముందు చిన్న వాల్వులు రెండుంటాయి, స్పీకర్‌ని నడిపేది మాత్రం వెనకున్న చిప్పే. కొన్నిటికి వెలుగు బాగా కనబడాలని వాల్వు కింద ఎల్‌ఈడీ కూడా పెడతారు. వాడికి కొనమనో వద్దనో చెప్పాలంటే, ఎందుకో కూడా చెప్పగలగాలి కదా.

మాది ఆత్మకూరు. మా వైపు పెద్దవాళ్లకి వాల్వ్ అంటే ఖరీదైన సరదా కాదు, పాతకాలం మైక్ సెట్టు. వాటిని బాగుచేసిన పెద్దాయన ఒకరిని ఈ సంగతి అడిగితే "మీటరుకేం తెలుసు అబ్బయా, పాటే చెప్తది" అన్నారు. పాట గరగరమంటే ఆయన ముందు అనుమానించేది కప్లింగ్ కెపాసిటర్ని. అది లీకైతే ముందు వాల్వు ప్లేటు మీది డీసీ వోల్టేజీ కొంత తర్వాతి వాల్వు గ్రిడ్‌కి చేరుతుంది, బయాస్ చెడుతుంది, పాట చీరుకుపోతుంది. అయితే ఆయన కూడా గ్రిడ్ దగ్గర మల్టీమీటరు పెట్టి చూశాకే కెపాసిటర్ మారుస్తారు. చెవి పట్టుకున్న తప్పుని మీటరు కూడా చూపించింది. మరి చెవికీ మీటరుకీ గొడవెక్కడ?

స్పెసిఫికేషన్ పార్టీ పొరపాటు ఏంటంటే, టీహెచ్‌డీ అనే ఒక్క అంకెతో తీర్పు చెప్పేయడం. 1 శాతం వక్రీకరణ అంతా ఒకేలా వినబడదు. 2వ హార్మోనిక్ అంటే పై షడ్జమం, పాటలో ఇట్టే కలిసిపోతుంది. 3వది ఆ పైన పంచమం. 7వది ఏ స్వరస్థానంలోనూ సరిగ్గా కూర్చోదు, అందుకే కొంచెం ఉన్నా గుచ్చుకుంటుంది. సింగిల్ ఎండెడ్ డిజైన్లో 2వ హార్మోనిక్ ఎక్కువ. పుష్‌పుల్‌లో సరి హార్మోనిక్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని 3వది ముందుకొస్తుంది. టీహెచ్‌డీ ఒక్కటే ఉన్నా స్పెక్ట్రమ్ చూస్తే రెండూ వేరని తెలిసిపోతుంది.

ఇంకో కారణం అవుట్‌పుట్ ఇంపెడెన్స్. స్పీకర్ మీద 8 ఓమ్‌లు అని రాసి ఉన్నా, అది ఫ్రీక్వెన్సీని బట్టి మారుతూ ఉంటుంది. ఒక చోట 6, ఇంకో చోట 30 అనుకుందాం. ఫీడ్‌బ్యాక్ లేని వాల్వ్ ఆంప్‌ది 2 ఓమ్‌లు అనుకుంటే, స్పీకర్‌కి చేరే వోల్టేజీ ఒక చోట 6/8 వంతు, ఇంకో చోట 30/32 వంతు. రెండింటికీ తేడా దాదాపు 2 డెసిబెల్స్. అదే 0.1 ఓమ్ ఉన్న ట్రాన్సిస్టర్ ఆంప్‌కి తేడా 0.1 డెసిబెల్ మాత్రమే. 2 డెసిబెల్స్ అంటే వినబడే తేడానే. ఇందులో మాయేం లేదు, ఫస్టియర్లో చదివిన వోల్టేజ్ డివైడరే.

అసలు "వాల్వ్ సౌండ్" అని ఒకటే సౌండ్ లేదు. 1947లో విలియమ్సన్ ప్రచురించిన డిజైన్ 15 వాట్ల దగ్గర 0.1 శాతం వక్రీకరణతో పనిచేసేది. అదీ వాల్వులే. 1985లో అమెరికాలో బాబ్ కార్వర్ అనే డిజైనరు తన ట్రాన్సిస్టర్ ఆంప్‌ని ఒక ఖరీదైన వాల్వ్ ఆంప్‌లా పలికిస్తానని స్టీరియోఫైల్ పత్రిక వాళ్లతో పందెం కట్టాడు. రెండింటి అవుట్‌పుట్‌లనీ ఒకదాన్లోంచి ఒకటి తీసేసి, మిగిలిన తేడాని కొలుచుకుంటూ తన సర్క్యూట్ సరిచేశాడు. ఆఖర్న ఆ పత్రిక ఎడిటర్లు ఏది ఏదో చెప్పలేకపోయారు. ఆ వాల్వ్ సౌండ్ మీటరుకి అందకపోయి ఉంటే ఆయన దాన్ని పట్టుకునేవాడే కాదు.

ఇక "మీటర్లకి అందదు" పార్టీకి ఒక మాట. రెండు ఆంప్‌లలో ఒకటి కాస్త గట్టిగా మోగినా చాలు, మన చెవి దాన్నే "బాగుంది" అంటుంది. వెలుగుతున్న వాల్వు కళ్లెదురుగా ఉంటే ఇక చెప్పేదేముంది! కాబట్టి ముందు వోల్టేజీ సమానం చేయాలి, తర్వాత కళ్లకి కనబడకుండా దుప్పటి కప్పాలి. 10 సార్లు వినిపిస్తే 9 సార్లు సరిగ్గా చెప్పారా, అది ఊహతో కుదిరే అవకాశం 1 శాతమే. అప్పుడు నేనే ఒప్పుకుంటా. ఈ పరీక్షకి ఒప్పుకోకుండా "నా చెవి నాకు తెలుసు" అంటే మాత్రం, అది అభిప్రాయం వరకే.

నా రూమ్మేట్‌కి చెప్పింది ఇదే. మీ ఉదయగిరి చెక్క స్పూనుతో తింటే సాంబారు రుచి మారదు. అయినా జనం కొంటారు, ఆ పనితనం చూసి ముచ్చటపడి. వాల్వ్ ఆంప్ కూడా అట్లా ముచ్చటపడి కొంటే తప్పేం లేదు. కానీ సౌండ్ కోసమే అయితే, ఆ ఆరు వేలూ స్పీకర్ మీద పెట్టరా. ఆంప్ కన్నా స్పీకర్ మారిస్తే వచ్చే తేడా చాలా ఎక్కువ.

ఒప్పుకోని వాళ్లుంటే రండి. ల్యాబ్‌లో ఆసిలోస్కోప్ ఉంది, నా ల్యాప్‌టాప్‌లో స్పెక్ట్రమ్ చూసే సాఫ్ట్‌వేర్ ఉంది. ఆత్మకూరు పెద్దాయన తన పాత సెట్టు ఒక రోజుకి ఇస్తానన్నారు, దాంతోపాటు తనూ వచ్చి వింటానన్నారు. దుప్పటి మీరు తెచ్చుకోండి.