అంగడిలో దొంగలు పడితే నష్టం ఎవరిది?

ధర్మపురి తెలుగువాళ్ళలో అంగళ్ళు బాడుగకు ఇచ్చినవాళ్ళూ ఉన్నారు, బాడుగకు తీసుకుని వ్యాపారం చేసుకునేవాళ్ళూ ఉన్నారు. ఈ మధ్య మా సంఘం ముందుకు వచ్చిన తగవులో ఇద్దరూ మనవాళ్ళే. రాత్రి దొంగలు వెనుక తలుపు తోసుకుని అంగడిలో దూరారు. "ద్వారబంధం చెదపట్టిందని ఏడాదిగా చెబుతున్నా అన్నా. నష్టం మీరే ఇవ్వాలి, అంతవరకు బాడుగ కట్టను" అని అంగడివారు. "సరుకు నీది, బీగం నీది తమ్ముడూ. నన్నడిగితే ఎట్లా?" అని ఓనరు. ఇద్దరి మాటలోనూ సగమే న్యాయం ఉందని మేము చెప్పాము.

ముందు సరుకు సంగతి. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒకరి వస్తువును భద్రపరచడానికి తీసుకున్నవాళ్ళు దాన్ని జాగ్రత్తగా చూడాలి. బాడుగ వ్యవహారం అలాంటిది కాదు. అంగడి స్వాధీనం బాడుగదారు చేతికి వస్తుంది, సరుకు వారి దగ్గరే ఉంటుంది. కాబట్టి దొంగతనం జరిగినంత మాత్రాన ఓనరు నష్టం కట్టనక్కరలేదు.

అట్లాగని ఓనరు చేతులు దులుపుకోవడానికీ లేదు. 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉన్న తమిళనాడు బాడుగ చట్టం మరమ్మతులను ఇద్దరికీ పంచింది. కట్టడానికి సంబంధించినవి ఓనరువి. తలుపుల బీగాలు మార్చడం బాడుగదారు పని. ఓనరుకు తెలిసీ బాగుచేయించని లోపం గుండానే దొంగ వచ్చాడని రుజువైతే, నిర్లక్ష్యం కింద నష్టపరిహారం అడగడానికి ఆధారం ఉంటుంది. అయినా అది సులువు కాదు.

ఇంగ్లండులో రెండు తీర్పులున్నాయి. మన కోర్టులు వాటికి కట్టుబడనక్కరలేదు గానీ, తేడా తెలుస్తుంది. 1948 నాటి కేసులో ఇంటికి పనికి వచ్చిన వ్యక్తి తలుపు గడియ వేయకుండా బయటికి వెళ్ళాడు, నగలు పోయాయి, అతన్నే బాధ్యుణ్ణి చేశారు. 1983 నాటి కేసులో దొంగలు పక్కనున్న ఖాళీ వాటాలో దూరి, గోడకు కన్నం వేసి బట్టలు ఎత్తుకెళ్ళారు. ఆ వాటాకు సరైన కాపుదల లేకపోయినా దాని ఓనరుపై బాధ్యత పెట్టలేదు.

ఇక బాడుగ ఆపడం. ఇది అన్నిటికంటే ప్రమాదం. రెండు నెలల బాకీ ఉంటే ఖాళీ చేయించమని ఓనరు కోర్టుకు వెళ్ళవచ్చు. సరుకు పోయినవాళ్ళు అంగడిని కూడా పోగొట్టుకోకూడదు. బాడుగ కడుతూనే నష్టం కోసం విడిగా అడగాలి.

ఇన్సూరెన్సు ఉందిలే అనుకునేవాళ్ళు పాలసీ కాగితం ఒకసారి చదవాలి. బలప్రయోగంతో జరిగిన దొంగతనానికే పాలసీ అని రాసి ఉంటే, బలప్రయోగం రుజువు కానిదే డబ్బు రాదని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. మారు బీగంచెవితో తెరిచి దోచుకుంటే అక్కడే చిక్కు. మారు చెవి ఎవరి దగ్గర ఉందో అగ్రిమెంటులో రాసుకోవాలనేది అందుకే. కాపలా ఖర్చు, కెమెరా, షట్టర్ మరమ్మతు ఎవరివో కూడా అందులోనే రాయాలి.

మా ముందుకు వచ్చిన తగవు చివరికి ఒక ప్రశ్న దగ్గర ఆగింది. ద్వారబంధం గురించి ఏడాదిగా చెప్పామన్నారు, లెటరు ఏదని అడిగాము. లేదు. "నాతో ఎప్పుడు చెప్పావు?" అని ఓనరు అన్నారు. పండుగలకు ఒకరింటికి ఒకరు వెళ్ళే కుటుంబాలవి. మనవాళ్ళ మధ్య కాగితం ఎందుకని ఊరుకున్నారు. ఇప్పుడు మాటలు లేవు.

ఏళ్ళ తరబడి ఆఫీసు ఫైళ్ళు మోసినవాళ్ళం కాబట్టి చెబుతున్నాము. మనవాళ్ళ మధ్యే కాగితం ఎక్కువ అవసరం. గోడ పగిలితే, తలుపు ఊగితే ఒక లెటరు రాసి, కాపీ మీద ఓనరు సంతకం తీసుకోండి. ఓనర్లు కూడా దాన్ని అవమానంగా తీసుకోకండి. ఆ సంతకం డబ్బునే కాదు, సంబంధాన్నీ కాపాడుతుంది.