కోట ఒక సాక్షి

చారిత్రక భవనాలను దర్శించడం విద్యలో ఒక భాగం. మచిలీపట్నం నుండి దివిసీమకు పోయే దారిలోని చల్లపల్లి కోట ఇందుకు తగిన ఉదాహరణ. యార్లగడ్డ వంశీయులైన జమీందారుల నివాసమిది. వీరి సంస్థానానికి దేవరకోట అని మరొక పేరు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ అంతరించింది. కోట మాత్రం నిలిచింది.

దీనిని చూచువారు రెండు విధాలు. కట్టడపు ఠీవికి, చెట్ల నీడకు మురిసి మరలిపోయేవారు కొందరు. రైతుల శిస్తుతో వెలసినది కనుక దీనిని కాపాడనక్కరలేదనేవారు మరికొందరు. మొదటివారు నాగలి పట్టిన చేతిని మరుస్తారు. రెండవవారు ఆ చేతి శ్రమకు మిగిలిన సాక్ష్యాన్నే చెరపబూనుతారు.

ఈ జమీ భూముల కోసం పేద రైతులు, కూలీలు సాగించిన పోరాటాలు కూడా ఈ కోట కథలోనివే. కృత్తివెన్ను వంటి తీరగ్రామాల విద్యార్థులు అక్కడికి వెళ్లినప్పుడు గోడల ఎత్తుతో పాటు వాటి వెనుక ఉన్న గింజల లెక్కను కూడా అడగాలి. ఉప్పుగాలికి గోడల సున్నం రాలుతుంది. పట్టించుకొనకపోతే కోటతో పాటు ఆ ప్రశ్న కూడా నేలగూలుతుంది. సాక్షి బ్రతికి ఉన్నప్పుడే న్యాయాన్యాయ విచారణ సాధ్యం. కనుక కోటను కాపాడుకోవాలి. దాని కథను పూర్తిగా చెప్పుకోవాలి.