ఫార్మాట్ చెయ్యమంటారా అంటే "నో" అనండి

పోయిన నెల టార్నీట్‌లో ఉండే నా స్నేహితురాలు గరాజ్ సర్దుతుంటే పాత బిస్కెట్ల డబ్బా ఒకటి దొరికింది. తెరిస్తే సూదులూ దారాలూ కాదు, ఏడు ఫ్లాపీలు! 1997లో కొత్తగా మెల్‌బోర్న్ వచ్చినప్పుడు వాళ్ళమ్మగారికి రాసిన ఉత్తరాలవి. టైపు చేసి, తెలుగులో ప్రింటు తీసి పోస్టు చేసేది. ఆ కాగితాలు ఊళ్ళో చెదలు తినేశాయి. అమ్మగారూ లేరు. మిగిలింది ఈ డబ్బానే.

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు కొని మొదటిది పెట్టింది. "ఈ డిస్క్ ఫార్మాట్ చేసి లేదు, ఇప్పుడు చెయ్యమంటారా?" అంది కంప్యూటర్. "యెస్ కొట్టమ్మా" అన్నాడు పక్కనున్న కొడుకు. కొట్టేసింది. ఆ ఫ్లాపీ అంతే సంగతులు. రెండోది కూడా అదే అడిగేసరికి భయపడి నాకు ఫోన్ చేసింది.

ఫార్మాట్ అంటే ముగ్గుకి చుక్కలు పెట్టడం లాంటిది. 1.44 ఎంబీ ఫ్లాపీకి రెండు వైపులా 80 చొప్పున ట్రాకులు, ఒక్కో ట్రాకులో 18 గళ్ళు ఉంటాయి. ముగ్గున్న వాకిట్లో మళ్ళీ ఫార్మాట్ చెయ్యడమంటే కళ్ళాపి చల్లి కొత్త చుక్కలు పెట్టడమే. ఏ గడిలో ఏముందో చెప్పే విషయసూచిక మొట్టమొదటి ట్రాకులోనే ఉంటుంది. అక్కడ కాస్త చెడితే చాలు, మిగతా ఉత్తరాలన్నీ చెక్కుచెదరకపోయినా కంప్యూటర్ "ఇది ఖాళీ" అనేస్తుంది. నమ్మకండి.

మీ ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఉంటే, ఈ వరసలో చూడండి.

ముందు మూలనున్న చిన్న ప్లాస్టిక్ మీటను జరిపి కన్నం తెరవండి. అప్పుడు పొరపాటున యెస్ కొట్టినా డ్రైవు దానిమీద రాయదు.

లోహపు రేకు పక్కకి జరిపి లోపల బూజు ఉందేమో చూడండి. ఉంటే డ్రైవులో పెట్టొద్దు. బూజు డ్రైవు హెడ్‌కి అంటుకుని తర్వాతి ఫ్లాపీలనీ పాడుచేస్తుంది.

కన్నాలు లెక్కపెట్టండి. ఒకటే ఉంటే 720 కేబీ, రెండుంటే 1.44 ఎంబీ. రెండు కన్నాలున్నదాన్ని ఎవరైనా 720గా ఫార్మాట్ చేసి ఉంటే డ్రైవు తికమకపడుతుంది. రెండో కన్నం మీద నల్లటేపు అంటిస్తే చాలాసార్లు చదువుతుంది.

ఇంకో డ్రైవులో పెట్టి చూడండి. ఒక డ్రైవులో రాసింది, హెడ్ కాస్త పక్కకి ఉన్న మరో డ్రైవు చదవలేకపోవచ్చు. పాత మాకింటాష్‌లో రాసిన 800 కేబీ ఫ్లాపీ అయితే మామూలుగా వాడే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు చదవదు. దానికి పాత మాక్ దొరికితే మేలు.

చదవడం మొదలెట్టాక ఫైళ్ళు ఒక్కొక్కటే కాపీ చెయ్యకండి. డీడీరెస్క్యూ లాంటి ప్రోగ్రామ్‌తో మొత్తం ఫ్లాపీకి నకలు తీయించండి. అది బాగున్న గళ్ళు ముందు తీసుకుని, చెడ్డవాటి దగ్గరికి తర్వాత మళ్ళీ మళ్ళీ వెళ్తుంది.

ఆలస్యం మాత్రం వద్దు. 2025 లోపు డిజిటల్‌లోకి మార్చని అయస్కాంత టేపులు చాలావరకు పోతాయని కాన్‌బెర్రాలోని నేషనల్ ఫిల్మ్ అండ్ సౌండ్ ఆర్కైవ్ 2015లోనే హెచ్చరించింది. ఫ్లాపీ మీదా అయస్కాంత పూతే.

ఇక మా స్నేహితురాలి సంగతి. మిగిలిన ఆరింటిలో నాలుగు పూర్తిగా వచ్చాయి, ఒకటి సగం వచ్చింది, ఒకటి మాక్‌ది కాబట్టి పక్కన పెట్టాం. తను ఆర్‌టీఎస్‌లో, అంటే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకుంది కాబట్టి బతికిపోయింది. అప్పటి తెలుగు ఫాంట్లలో టైపు చేసి ఉంటే, ఆ ఫాంటు దొరికేదాకా పిచ్చి గీతలే కనిపించేవి. లేఖినిలో అతికించగానే అంతా చక్కటి తెలుగైపోయింది.

మొదటి ఉత్తరంలో "అమ్మా, నేను బాగున్నాను, దిగులు పడకు" అని ఉంది. అది చదివి తను చాలాసేపు మాట్లాడలేదు. "ఆ వారమంతా ఏడుస్తూనే ఉన్నానే" అంది చివరికి. ఇప్పుడు వాళ్ళబ్బాయి ఆ ఉత్తరాలు ఒక్కొక్కటీ చదివించుకుని వింటున్నాడట.

మీ డబ్బా ఎక్కడుందో ఈ వారాంతం ఒకసారి వెతకండి. మీట జరపడం మాత్రం మర్చిపోకండి.