కొన్న ప్రాజెక్టు, కన్న ప్రాజెక్టు

డిగ్రీ పట్టా చేతికొస్తే కొలువు దానంతటదే వచ్చే రోజులు పోయాయని మన పెద్దలు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఇప్పుడు పట్టా పక్కన మరో మాట వచ్చి కూర్చుంది - పోర్ట్‌ఫోలియో. అంటే మనం చేసిన పనుల నమూనాల మూట. చిత్రకారుడు తన బొమ్మలను చంకన పెట్టుకొని తిరిగినట్టు, కంప్యూటర్ రంగంలోకి వెళ్ళదలచినవాడు తన ప్రాజెక్టులను చూపించాలి. మన సైన్సు విద్యార్థుల్లో కొందరు వెబ్ ఎనలిటిక్స్ వైపు చూస్తున్నారు. లెక్కలూ, స్టాటిస్టిక్సూ చదివినవాళ్ళకు అందని కొలువేమీ కాదది. కానీ దానికోసం మనం కట్టుకుంటున్న మూటలో వున్నదేమిటి? అందులో మన సొంత సొత్తు ఎంత? ఈ ప్రశ్న వేసుకోవలసిన సమయం వచ్చిందని నా అభిప్రాయం.

ఆ పనేమిటో తెలియని మిత్రులకోసం నాలుగు మాటలు. ఒక వెబ్‌సైటుకు జనం ఏ దారిన వచ్చారు, ఏ పేజీ చూశారు, ఎక్కడ ఆగారు, ఏమీ కొనకుండా ఎక్కడినుంచి వెనక్కి మళ్ళారు - ఇదంతా లెక్కగట్టి, యజమానికి "ఇలా మారిస్తే బాగుంటుంది" అని చెప్పడమే వెబ్ ఎనలిటిక్స్. సంతలో కొట్టు పెట్టినవాడు కళ్ళతో చేసే పనే ఇది. వెబ్‌సైటు దగ్గర కళ్ళు పనిచేయవు గనుక అంకెలు కావాలి. మొదట్లో సర్వరు తనంతట తాను రాసుకునే చిట్టాను - లాగ్ ఫైలును - చదివి ఈ లెక్క తీసేవారు. 2005లో గూగుల్ సంస్థ అర్చిన్ అనే కంపెనీని కొని, ఆ ఏడాదే గూగుల్ ఎనలిటిక్స్‌ను ఉచితంగా ఇవ్వడంతో చిన్న దుకాణదారుడికి కూడా ఈ సదుపాయం అందింది.

ఇక మన మూట సంగతి. విప్పి చూస్తే అందరి మూటా ఒకటే! 1912లో మునిగిన టైటానిక్ ఓడ ప్రయాణికుల జాబితా, 1936లో ఫిషర్ ప్రచురించిన ఐరిస్ పూల కొలతలు, గూగుల్ వారు అభ్యాసంకోసం ఇచ్చిన తమ సొంత దుకాణం తాలూకు మూడు నెలల లెక్కలు - 2020 నవంబరు నుంచి 2021 జనవరి దాకా. నేర్చుకోవడానికి ఇవి మంచివే, కాదనను. ఈతకు దిగేవాడికి ఆనపకాయ బుర్ర కావాలి. కానీ ఈదడం వచ్చిందని చూపించేటప్పుడు కూడా బుర్ర కట్టుకునే దిగితే ఎవరు నమ్ముతారు?

ఇది నయం. ఇంకో మార్గం వుంది - కొనడం. నగరంలో సందుకొకటి చొప్పున ప్రాజెక్టులు అమ్మే దుకాణాలు వున్నాయి. రిపోర్టు, ప్రోగ్రాము, అడగబోయే ప్రశ్నలకు జవాబులు - అన్నీ ఒకే ధర! పేరు మార్చి అట్ట వేయించుకుంటే సరి. కొన్నవాడిని ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు. అట్ట బాగుంటే మార్కులు పడే పద్ధతి వున్నంతకాలం ఆ దుకాణాలు మూతపడవు. కానీ నష్టం ఎవరికి? పట్నంలో బంధువుల కంపెనీలు వున్నవాడికి కాదు. ఇంగ్లీషు గలగలా మాట్లాడేవాడికీ కాదు. పల్లెనుంచి వచ్చి, ఒక్క సిఫారసు చేసే దిక్కు లేనివాడికి. అతని తరపున సాక్ష్యం చెప్పగలిగింది అతని పని ఒక్కటే. ఆ ఒక్క సాక్షినీ దొంగసాక్షిని చేసుకుంటే ఇక మిగిలేదేమిటి?

మరి కన్న ప్రాజెక్టు ఎలా వుండాలి? నా దృష్టిలో దానికి ఒకే గుర్తు. ఎవరో ఒక మనిషికి నిజంగా వున్న ప్రశ్నతో అది పుట్టాలి. జవాబు దొరికితే ఆ మనిషి ఏదో ఒకటి మార్చుకోగలగాలి.

తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీలనే తీసుకోండి. అక్కడినుంచి దూర రాష్ట్రాలకు లారీలమీద మొక్కలు పోతాయి. అలాంటి ఒక నర్సరీకి వెబ్‌సైటు వుందనుకుందాం. యజమానిని అడిగితే ఆయన "సెషన్లు ఎన్ని?" అనడు. "బాబూ, చూసేవాళ్ళు చూస్తూనే వున్నారు, ఫోను మాత్రం మోగటం లేదు, ఎందుకంటావ్?" అంటాడు. ఇదీ ప్రశ్న! ఆయన వ్యాపారం పేజీమీద ముగియదు, ఫోనులో ముగుస్తుంది. వాట్సాప్ గుర్తుమీద నొక్కితే అది బయటి సైటుకు పోయే లింకు గనుక గూగుల్ ఎనలిటిక్స్ తానే పట్టుకోగలదు. ఫోను నంబరుమీద నొక్కింది మాత్రం మనం ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తేగాని లెక్కలోకి రాదు. ఈ సంగతి తెలియనివాడు "ఫోన్లు లేవు" అని తేల్చేస్తాడు. తెలిసినవాడు ముందు కొలత సరిచేసి, ఆ తర్వాత నోరు విప్పుతాడు. అంతేకాదు, నొక్కినవాళ్ళందరూ మాట్లాడారని కూడా అనుకోకూడదు. యజమాని దగ్గర వుండే కాల్స్ పుస్తకంతో సరిపోల్చి చూడాలి. ఇంత చేసినవాడికి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మాటలు వెతుక్కోవలసిన పని వుండదు.

కొలత అన్నాను గనుక మరో మాట. మాది వ్యవసాయ కుటుంబం. మా వైపు ఎవరైనా ఎకరానికి 40 బస్తాలు పండాయంటే, విన్నవాడు వెంటనే "ఎన్ని కేజీల బస్తా?" అంటాడు. 75 కేజీల బస్తా వేరు, కొనుగోలు కేంద్రంలో 40 కేజీల సంచి వేరు. రెండింటినీ కలిపి లెక్క చెబితే రచ్చబండ దగ్గర నవ్వులపాలవుతాడు. వెబ్ లెక్కల్లో కూడా ఇదే తంతు. 'బౌన్స్ రేటు' అనే మాట వుంది. పాత గూగుల్ ఎనలిటిక్స్‌లో, ఒక్క పేజీ చూసి ఇంకేమీ చేయకుండా పోయినవాడు బౌన్స్ కింద లెక్క. ఆ పాత పద్ధతి 2023 జూలై 1 నుంచి లెక్కలు తీసుకోవడం మానేసింది. కొత్తదానిలో 10 సెకన్లకు పైగా వున్నా, రెండు పేజీలు చూసినా, ముఖ్యమని ముందే గుర్తుపెట్టిన పని చేసినా అతను ఆసక్తి చూపినట్టే. మిగిలినవాడే బౌన్స్. ఒక్క పేజీని ఐదు నిమిషాలు శ్రద్ధగా చదివి వెళ్ళినవాడు పాత లెక్కలో నష్టం, కొత్త లెక్కలో లాభం! మాట అదే, బస్తా వేరు. రెండేళ్ళ అంకెలను పక్కపక్కన పెట్టి "బౌన్స్ తగ్గింది" అని గ్రాఫు గీసేవాణ్ణి మా రచ్చబండ దగ్గర నిలబెట్టాలి.

చిన్న సైటు తీసుకుంటే అంకెలూ చిన్నవే వుంటాయి. ఒక వారం ఇద్దరు ఫోను చేసి, మార్పు చేశాక మరుసటి వారం ముగ్గురు చేస్తే దాన్ని "50 శాతం అభివృద్ధి" అనడానికి నోరు ఎలా వస్తుంది? ఆ మూడో మనిషి ఊరికే వచ్చినవాడు కావచ్చు. పంట కోత ప్రయోగానికి వచ్చే అధికారి గట్టుమీదినుంచి చూసి ఏపుగా వున్న మడిని ఎంచుకోడు. లాటరీలా తగిలిన చోట, వరికి ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పున గీసి కోయిస్తాడు. అదీ ఒక్క చోట కాదు, అనేక చోట్ల. మనం క్లాసులో చదివే శాంపిల్ సూత్రాలు ఇవే. "ఇంకా నాలుగు వారాలు చూస్తేగాని చెప్పలేను" అని ప్రాజెక్టులో రాయడం చిన్నతనం కాదు. నా మటుకు, అదే పెద్ద అర్హత.

"మాకు నర్సరీ యజమాని ఎక్కడ దొరుకుతాడు?" అని అడిగే మిత్రులకు మరో దారి చూపిస్తాను. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వుంది కదా! దాని పేజీలను ఏ రోజు ఎన్నిసార్లు చూశారో 2015 జూలై నుంచి లెక్క బహిరంగంగా దొరుకుతుంది. పైసా ఖర్చు లేదు. కంప్యూటర్‌మీద చూసింది, సెల్‌ఫోన్‌లో చూసింది వేరువేరుగా వుంటుంది. మనుషులు చూసింది, యంత్రాలు తడిమి పోయింది కూడా విడదీసే వుంటుంది. ఎక్కువమంది చూస్తూ వుండగా, రెండే వాక్యాలతో మిగిలిపోయిన పేజీలు ఏవి? ఆ జాబితా తీసి అక్కడ స్వచ్ఛందంగా రాసే వారికి ఇస్తే, ముందు దేన్ని బాగుచేయాలో వారికి తెలుస్తుంది. ఒక్కటే హెచ్చరిక. అది చూపుల లెక్క, మనుషుల లెక్క కాదు. ఒకడే పదిసార్లు చూడవచ్చు.

ఎవరి సైటు తీసుకున్నా యజమాని అనుమతి రాతపూర్వకంగా పుచ్చుకోవాలి. జనం పేర్లు, ఫోను నంబర్లు ప్రదర్శనలో కనబడకూడదు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా వుంచినా, పొరుగువాడి గుట్టు బయట పెట్టకపోవడం మన మర్యాద.

ఇక చూపించే తీరు. పన్నెండు రంగుల గ్రాఫులతో తెరంతా తిరునాళ్ళలా చేస్తే పనితనం అనిపించుకోదు. మొదటి పేజీలో మూడే వుండాలి - ప్రశ్న ఏమిటి, ఏం తేలింది, ఏం చేయమంటున్నాం. రెండో పేజీలో ఎలా కొలిచాం, ఏ బస్తాతో కొలిచాం, ఏది తేల్చలేకపోయాం. ప్రోగ్రామూ, శుభ్రం చేసిన లెక్కలూ గిట్‌హబ్‌లో పెడితే కావలసినవాడు తానే సరిచూసుకుంటాడు. ఇంగ్లీషులో రాయండి, తప్పదు. కానీ ముందుగా తెలుగులో మూడు నిమిషాలు చెప్పి చూడండి. మా నాన్నకు చెప్పినప్పుడు ఆయన మధ్యలో "అయితే ఏంటంట?" అన్నారంటే లోపం ఆయనలో లేదు, నా మొదటి పేజీలో వుంది.

కొందరు మిత్రులు నాతో వాదిస్తారు. "కంపెనీవాళ్ళు ఇంత లోతుగా చూడరు, సర్టిఫికెట్ల పేర్లు చూసి పిలుస్తారు" అని. నిజమే, పిలవడానికి పేర్లే చాలవచ్చు. కానీ పిలిచాక ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి "ఈ అంకె ఎక్కడినుంచి వచ్చింది?" అని ఒక్క ప్రశ్న వేస్తే, కొన్నవాడు దుకాణం వైపు చూస్తాడు, కన్నవాడు తన బిడ్డ ముచ్చట చెప్పినట్టు చెబుతాడు. ఉచితంగా దొరికే సర్టిఫికెట్టు అందరి దగ్గరా వుంటుంది. కడియం నర్సరీ ఫోను ఎందుకు మోగలేదో చెప్పగలిగేవాడు ఒక్కడే వుంటాడు.

గురువులకు నా మనవి. ప్రాజెక్టు పరీక్ష రోజున అట్ట చూడకండి. "ఎవరు అడిగిన ప్రశ్న ఇది? నీ జవాబుతో ఎవరు ఏం మార్చుకున్నారు?" - ఈ రెండూ అడగండి. దుకాణాల బేరం సగం పడిపోతుంది. మన కళాశాల వెబ్‌సైటు లెక్కలు, చూసినవారి ఆనవాళ్ళు తీసేసి, స్టాటిస్టిక్స్ విద్యార్థులకు ఇప్పించండి. ఫలితాలకోసం విద్యార్థి ఎన్ని పేజీలు తిరగవలసి వస్తున్నదో తేల్చి మీ ముందు పెడతాం.

విద్యార్థి సంఘానికీ ఒక మాట. వార్షికోత్సవంలో ఆటపాటలతోపాటు ఒక పూట ప్రాజెక్టుల ప్రదర్శన పెట్టండి. పట్టణంలోని చిన్న దుకాణదారులను, రైతులను పిలిచి న్యాయనిర్ణేతలుగా కూర్చోబెట్టండి. పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు కూడా విన్నపం. మాకు సిఫారసు ఉత్తరాలు అక్కరలేదు. ఏడాదికి ఒక్క గంట మాకోసం కేటాయించి, మా ప్రాజెక్టుల్లో తప్పులు వెతకండి. మీరు అడిగే కష్టమైన ప్రశ్నకు మించిన సాయం మరొకటి లేదు.

చేతిలో వున్న మూట బరువుగా వుండనక్కరలేదు. ఒక్క ప్రాజెక్టే వున్నా అది మనదై వుండాలి.