కుంటే ఎద్దుకు వాత మందు కాదు

ఎద్దు కుంటుతున్నదంటే మన పల్లెల్లో మొదట వినిపించే మాట ‘జబ్బ పట్టింది’ అని. ముందుకాలైతే జబ్బ, వెనక కాలైతే తుంటి. ఆ మాట అన్న పెద్దమనిషే సాయంత్రానికి కొడవలి కాల్చుకొస్తాడు. జబ్బ మీద నాలుగు గీతలు, తుంటి మీద ఒక చక్రం. పది రోజులకు కుంటు తగ్గితే వాత మహిమ, తగ్గకపోతే రైతు ఖర్మ! నిజానికి తగ్గిన చోట తగ్గించింది వాత కాదు, కాలిన పుండు మీద కాడి పెట్టలేక రైతు ఎద్దుకు ఇచ్చిన విశ్రాంతి. ఆ విశ్రాంతి వాత లేకుండానే ఇవ్వవచ్చును గదా అని మేము అడుగుతున్నాము.

పశువుల కుంటులో అత్యధిక భాగం గిట్టలోనే పుడుతుంది. డెక్కల మధ్య రాయి, అరికాలిలో దిగిన తుమ్మముల్లు, లోపల పట్టిన చీము. జబ్బను నిందించేముందు కాలెత్తి, బురద కడిగి, గిట్టను నొక్కి చూడాలి. అక్కడేమీ లేదని తేలిన తరువాతనే పైకి పోవాలి. అడుగు మోపినప్పుడు బాధపడే పశువుకు నొప్పి తరచుగా కింద వుంటుంది. కాలు ముందుకు వేయడానికే కష్టపడుతూ, పొట్టి అడుగు వేస్తూ, గిట్టకొన నేలకు రాస్తూ నడిచేదానికి జబ్బలోనో తుంటిలోనో అనుమానించాలి. ముందుకాలు నొప్పి అయితే ఆ కాలు నేల తాకగానే తల పైకి లేస్తుంది. పశువు వెనక నిలబడి రెండు తుంట్లనూ పోల్చి చూస్తే కండ ఎటు తరిగిందో కంటికే తెలుస్తుంది. ఇవి చూడ్డానికి యంత్రాలక్కర్లేదు, ఓపిక కావాలి.

ఒక్క సందర్భంలో మాత్రం ఓపిక పనికిరాదు. అది జబ్బవాపు. వానలు పడ్డాక, ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు పుష్టిగా వున్న దూడ హఠాత్తుగా కుంటి, జబ్బ మీదో తొడ మీదో వాపు వచ్చి, ఒళ్లు కాలిపోతుంటే, వాపును నొక్కినప్పుడు చర్మం కింద చిటపటమంటే, అది బెణుకు కాదు. కుంటు కనిపించిన ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. మొదటి గంటల్లో పెన్సిలిన్ పడితే కొన్ని బతుకుతాయి. వాతల మనిషి కోసం పక్క వూరికి కబురు పంపితే ఆ గంటలు కాస్తా పోతాయి. చచ్చిన పశువును కోయకూడదు, తోలు ఒలవకూడదు. లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. ఆ క్రిమి బీజాలు మట్టిలో ఏళ్ల తరబడి బతికే వుంటాయి. తొలకరికి ముందే వేసే టీకా ఒక్కటే దీనికి అసలైన మందు.

ఇక సన్నకారు రైతును నిండా ముంచే కుంటు మరొకటి వుంది. పొద్దున్నే కొట్టంలోంచి లేచిన ఎద్దుకు వెనక కాలు కర్రలా బిగుసుకుపోతుంది. వంగదు, గిట్ట ఈడ్చుకుంటుంది, ఒక్క కుదుపుతో వదిలేస్తుంది. నాలుగడుగులు నడిచాక బాగానే వుంటుంది. తొడ కింద వుండే మోకాలి చిప్ప పైకి పోయి తొడ ఎముక గట్టు మీద ఇరుక్కోవడమే దీని కథ. చిప్పను పట్టివుంచే మూడు బంధాల్లో లోపలి పక్కది అక్కడ తగులుకుంటుంది. డాక్టరు ఆ చోట మొద్దుబారడానికి సూది వేసి, చిన్న గాటుతో ఆ ఒక్క బంధాన్ని కోస్తే చాలావాటికి అప్పటికప్పుడే కాలు వదులవుతుంది. కొద్ది నిమిషాల పని. తప్పు బంధం కోస్తే కాలు చెడుతుంది కాబట్టి ఇది నాటు చేతులతో చేయించేది కాదు. ఈ సంగతి తెలియక కౌలు రైతు ఎద్దును సంతలో సగం ధరకు వదిలించుకుంటాడు. కొన్న దళారీకి మాత్రం తెలిసే వుంటుంది!

తుంటి కీలు జారితే లెక్క వేరు. జారిపడిన తరువాత కాలు పొట్టిదైనట్టు కనిపిస్తే, ఒకటి రెండు రోజుల్లోపే మత్తిచ్చి కీలును కూర్చోబెట్టాలి. వారం దాటాక ఎవరూ పెద్దగా చేయగలిగింది లేదు. గట్టినేల మీద చాలాసేపు ఒకే పక్కన పడుకోబెట్టిన పశువుకు ముందుకాలి నరం నలిగి మోచేయి జారినట్టవుతుంది. కష్టపు ఈత తరువాత ఆవు వెనక కాళ్లు రెండు పక్కలకూ జారిపోతుంటే కాళ్లు మరీ విడిపోకుండా వదులుగా బంధం వేసి, మెత్తని గడ్డిపరుపు మీద వుంచి, రోజుకు నాలుగైదుసార్లు పక్క మార్చాలి. ఇందులో మందుకన్నా ఇంటి ఆడవాళ్ల చాకిరీయే ఎక్కువ. దాన్ని లెక్క కట్టేవాడు లేడు.

నొప్పి సూది మాట కూడా చెప్పాలి. పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లో నిషేధించారు. ఆ సూది పడిన పశువు కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలు చెడి అవి కుప్పలుగా చచ్చాయి. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా నిషేధించారు. మెలాక్సికమ్ వుంది, అది రాబందులకు హాని చేయదు. అయితే ఏ సూదయినా నొప్పిని కప్పుతుంది. సూది వేసి మర్నాడే నాగలికి కడితే కొంచెం చెడిన కీలు పూర్తిగా చెడుతుంది.

ట్రాక్టర్లు వచ్చాక ఎద్దుల గొడవ ఎందుకని కొందరు పెద్దలు అంటున్నారు. 2019 పశుగణనలో దేశంలో 19.25 కోట్ల ఆవుజాతి పశువులుంటే అందులో 14.51 కోట్లు ఆడవే. ఎద్దులు తగ్గాయి, కాదనము. కాని మిగిలిన ఎద్దులు ఎవరి కొట్టాల్లో వున్నాయి? ట్రాక్టరు కిరాయి భరించలేనివాడి కొట్టంలో. అదునులో ఒక ఎద్దు పడుకుంటే రెండోది కూడా పనికిరాదు, జత లేని కాడి ఎక్కడ నడుస్తుంది?

అయిదువేల పశువులకు ఒక డాక్టరు వుండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. 1984 చట్టం పశువైద్యం రిజిస్టరయిన డాక్టరే చేయాలన్నది. మంచిదే. మరి ఆ డాక్టరు మండలమంతా తిరుగుతూ, ఈ రోజు టీకాలు, రేపు సమావేశం అంటూ వుంటే, ఎద్దును నడిపించి చూసే తీరిక ఎక్కడిది? 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 1962 నంబరుతో సంచార వాహనాలు తెచ్చారు. వాహనం మందు తేగలదు, కాని తుంటి కీలు కూర్చోబెట్టడానికి మత్తు, మనుషులు, మెత్తని చోటు కావాలి. ప్రతి పశువుల ఆస్పత్రిలో పశువును కట్టే బోను, గిట్ట చెక్కే పనిముట్లు, కనీసం డివిజనుకొక పెద్ద పశువుల ఎక్స్‌రే వుండాలని రైతు సంఘాలు వినతిపత్రాల్లో రాయాలి. తొలకరికి ముందు జబ్బవాపు టీకా వూరికి రాకపోతే ఆ వారంలోనే అడగాలి, దూడలు పోయాక కాదు.