శాలువా సరే, ఫ్యూజు ఏది?

బ్యాటరీ బండి హైదరాబాద్‌కు కొత్త ముచ్చట కావచ్చు గానీ సింగరేణి బొగ్గుగనుల శ్రీరాంపూర్‌కు బ్యాటరీ కొత్తది కాదు. ఇక్కడ బొగ్గుబాయి దిగిన ప్రతి మనిషీ నడుముకు బ్యాటరీ కట్టుకునే దిగాడు. ల్యాంప్‌రూంలో టోకెన్ ఇచ్చి క్యాప్‌ల్యాంపు తీసుకోవడం, షిఫ్టు ముగిశాక తెచ్చి చార్జింగుకు తగిలించడం, మళ్లీ మర్నాడు అదే వరుస. నాలుగు వోల్టుల ఆ పాత లెడ్‌యాసిడ్ డబ్బా రెండు కిలోలకు పైనే తూగేది. మూత సరిగా లేకపోతే యాసిడ్ కారి ప్యాంటుకు తూట్లు పడేవి. చార్జింగు సగమే ఎక్కిందన్న సంగతి పైన వెలుతురులో తెలిసేది కాదు, లోపల చీకట్లో షిఫ్టు ఆరో గంటకు తెలిసేది. బరువెంత, ఎన్ని గంటలు వస్తుంది, ఎప్పుడు ఎండిపోతుంది అని ఇవాళ స్కూటర్ల షోరూముల్లో అడుగుతున్న ప్రశ్నలన్నీ ఆర్కే-5, ఎస్సార్పీ-3 గనుల మీద రెండు తరాలు ముందే అడిగారు. ఆ మాటకొస్తే కరెంటు ఇంజన్‌కు పని దొరికిన మొదటి చోట్లలో బొగ్గుగని ఒకటి. 1882లో సీమెన్స్ కంపెనీ జర్మనీలోని శాక్సనీ గనిలో టబ్బులు లాగడానికి కరెంటు ఇంజన్ దింపింది.

మా బావ అలాంటి ల్యాంపు కట్టుకుని ముప్పై ఏళ్లకు పైగా బాయి దిగిన ఎలక్ట్రీషియన్. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి పక్కనే నస్పూర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. అందులో రెండు వస్తువులు ఉంటాయి. ఒకటి నాలుగు చక్రాల బ్యాటరీ బండి. పాత ఇనుప కొట్టు పైపులు, మోపెడ్ చక్రాలు, కొత్తగా కొన్న మోటారు, కంట్రోలరు, సీటు కింద వరసగా నాలుగు బ్యాటరీలు. రెండోది భీముడు. ఆరడుగుల ఇనుప చట్రం మీద థర్మాకోల్ ఒళ్లు. పాత కారు వైపర్ మోటారు తిరిగితే గద లేస్తుంది, మెడ తిరుగుతుంది, కళ్లు అటూ ఇటూ పోతాయి. వినాయక చవితి వస్తే మండపంలో పిల్లలు దేవుణ్ణి వదిలేసి ఈ భీముడి ముందే నిలబడతారు.

బండి ఎంత దూరం పోతుందని అడిగాను. ఆయన కంపెనీల వాళ్లలా ఒక్క అంకె చెప్పి ఊరుకోలేదు. "48 వోల్టులు, 28 ఆంపియర్ అవర్లు. కాయితం మీద 1,344 వాట్ అవర్లు బామ్మర్దీ. లెడ్ బ్యాటరీని సగానికి మించి పిండితె జల్ది సచ్చిపోతది. అంటె చేతికొచ్చేది 670. బండి కిలోమీటరుకు 40 తింటది. పదహారు కిలోమీటర్లు. మంచిర్యాల పోయి రావచ్చు. లక్సెట్టిపేట పోతె తోసుకుంట రావాలె."

ఈ లెక్క చెప్పగలిగిన మనిషికి ఒక సభలో శాలువా కప్పారు. 'మన ఊరి ఎడిసన్' అన్నారు. ఫొటో దిగారు. వచ్చినవాళ్లు అడిగినవి మూడే ప్రశ్నలు: ఎంత ఖర్చయింది, మైలేజీ ఎంత, అమ్ముతావా. సీటు కింద నాలుగు బ్యాటరీలు ఉన్నాయి కదా, ఫ్యూజు ఎక్కడ పెట్టావని ఒక్కరూ అడగలేదు. ఆ బండికి అప్పటికి ఫ్యూజు లేదు.

నేను ఆటపట్టించాను. "బాయిల ఉన్నప్పుడు గనుల భద్రత సూసె డీజీఎంఎస్ ముద్ర లేని స్విచ్చు ముట్టలేదు గద బావా. ఇంట్ల మాత్రం తీగలకు టేపు సుట్టి పెట్టినవ్?" ఆయన నవ్వలేదు. "బాయిల సూసెటోడు ఉన్నడు బామ్మర్దీ. గీడ ఎవడున్నడు?"

ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క మాటే. మన పల్లెల్లో, గని కాలనీల్లో చేతిపని తెలిసినవాళ్లకు కొదవ లేదు. వాళ్లను మెచ్చుకునేవాళ్లకూ లేదు. చేసిన వస్తువును పట్టి చూసి, కొలిచి, 'ఇక్కడ తప్పు ఉంది' అని చెప్పేవాళ్లే లేరు. మెప్పు ఒక పూటలో అయిపోతుంది. తప్పు చెప్పాలంటే ముందు ఆ వస్తువును అర్థం చేసుకోవాలి. మనం శాలువాలు కప్పేది ఆ కష్టం తప్పించుకోవడానికేనని నాకు అనుమానం.

బొగ్గుగని చరిత్రలోనే దీనికో కథ ఉంది. జార్జ్ స్టీఫెన్‌సన్ ఇంగ్లండులో ఒక గని కార్మికుడి కొడుకు. పద్దెనిమిదేళ్ల దాకా చదవడం, రాయడం రాదు. సెలవు రోజున గని ఇంజన్ విప్పి, తుడిచి, మళ్లీ బిగించి ఇంజనీరింగ్ నేర్చుకున్నాడు. 1815లో, గనిలో వాయువు ఉన్నా పేలని దీపం చేశాడు. దాన్ని పరీక్షించాలి. ప్రయోగశాల లేదు. వాయువు ఎగదన్నే చోటికి వెలుగుతున్న దీపం పట్టుకుని తానే నడిచి వెళ్లాడు. అది పేలి ఉంటే ఈ పేరు మనకు తెలిసేది కాదు. అదే ఏడు హంఫ్రీ డేవీ అనే పెద్ద శాస్త్రవేత్త లండన్‌లో, రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో, జాడీల్లో వాయువు నింపి పరీక్షించి ఇంకో దీపం చేశాడు. డేవీకి 2,000 పౌండ్ల బహుమానం దక్కింది. స్టీఫెన్‌సన్‌కు నూరు గినీలు, దొంగతనం చేశాడన్న నింద దక్కాయి. చదువు రాని ఇంజన్ పనివాడికి ఇంత ఆలోచన ఎట్లా వస్తుందని డేవీ వర్గం వాదన. గని ప్రాంతం వాళ్లు ఊరుకోలేదు. తమవాడి కోసం వెయ్యి పౌండ్లు పోగుచేశారు. చివరికి 1833లో పార్లమెంటు కమిటీ ఇద్దరి హక్కూ సమానమేనని తేల్చింది. అప్పటికి డేవీ చనిపోయి నాలుగేళ్లు.

ఈ కథను అందరూ పేదవాడి గెలుపుగా చెబుతారు. నాకు మాత్రం ఆ రెండు పరీక్షల మధ్య తేడాయే కళ్లకు కడుతుంది. బుర్రలో ఇద్దరూ ఒకరికొకరు తీసిపోలేదు. ఒకడు జాడీని పణం పెడితే ఇంకొకడు ప్రాణం పెట్టాల్సి వచ్చింది. రెండు వందల ఏళ్లు గడిచినా నస్పూర్ రేకుల షెడ్డులో అదే పరిస్థితి.

మన తెలుగువాళ్లలో చూద్దాం. కోయంబత్తూరు దగ్గర కళంగల్‌లో తెలుగు కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు ప్రాథమిక బడి దాటలేదు. కూలి డబ్బులు కూడబెట్టి ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిల్ కొని, విప్పి, బిగించి మెకానిక్ అయ్యాడు. 1920లో ఒక్క బస్సుతో రవాణా వ్యాపారం మొదలుపెట్టాడు. దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారు 1937లో ఆయన పూనికతోనే వచ్చింది. కోయంబత్తూరు ఇవాళ మోటార్లు, పంపుల ఊరు అయిందంటే దాని మొదళ్లలో ఆయన ఉన్నాడు. అదే మనిషి 1952లో రెండు వేల రూపాయలకు ఇద్దరు కూర్చునే కారు చేస్తానంటే ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. చదువు లేకపోవడం ఆయన దారికి అడ్డు రాలేదు, లైసెన్సు అడ్డొచ్చింది.

ఇంకా దగ్గరి మనిషి ఆలేరు చింతకింది మల్లేశం. చీర నేతకు దారం చుట్టే ఆసు పని చేయలేక తల్లి భుజం నొప్పితో బాధపడుతుంటే 1992లో యంత్రం పని మొదలుపెట్టాడు. పూర్తయింది 1999లో. 2017లో పద్మశ్రీ వచ్చింది. నాలుగైదు గంటల చేతిపని గంటన్నరకు దిగింది. ఆ ఏడేళ్లు ఎందుకు పట్టాయన్నదే మనం అడగాల్సిన ప్రశ్న. చిక్కుబడిన ఒక కదలికకు జవాబు ఆయనకు బాలానగర్‌లో దొరికింది. కరెంటు పని మీద ఒక పరిశ్రమకు వెళ్తే అక్కడ తిరుగుతున్న వేరే యంత్రం కనబడింది. ఆయనకు కావలసిన కదలిక అందులో ఉంది. తెలివి ఆలేరులో ఉంటే యంత్రాలు బాలానగర్‌లో ఉన్నాయి. రెండూ కలవడం అదృష్టం మీద ఆధారపడింది. ఆ అదృష్టం పట్టనివాళ్లు ఎందరో మనకు లెక్క లేదు.

బండి సరే, భీముడి బొమ్మ దేనికి, పనికిరాని సరదా కాదా అని అడిగేవాళ్లు ఉంటారు. నిర్మల్ పొణికి కర్ర బొమ్మలూ, ఉమ్మడి వరంగల్ జిల్లా అమ్మాపురం కొయ్యబొమ్మలాటా ఉన్న నేలలో ఆ ప్రశ్న రాకూడదు, అయినా వస్తుంది. జపాన్‌లో తనకా హిసషిగే అనే ఆయన 1799లో పుట్టాడు. కుర్రతనంలో ఆయనకు పేరు తెచ్చినవి ఆటబొమ్మలే. అమ్ములపొది నుంచి బాణం తీసి, ఎక్కుపెట్టి, గురికి కొట్టే బొమ్మ వాటిలో పేరున్నది. ఆ వేళ్లే తర్వాత గడియారాలు, ఆవిరి యంత్రాలు చేశాయి. 1875లో టోక్యోలో ఆయన పెట్టిన టెలిగ్రాఫు యంత్రాల కార్ఖానా పెరిగి పెరిగి తోషిబా అయింది. బొమ్మలో దాపరికం ఉండదు. క్రాంకు సరిగా కుదరకపోతే గద సగంలో ఆగుతుంది, చుట్టూ పిల్లలు నవ్వుతారు. నవరాత్రులు పొద్దూ మాపూ ఆడి అరగని బోల్టు, వేడెక్కని మోటారు ఏవో భీముడే తేల్చి చెబుతాడు. మా బావ బండిలోని సగం కీళ్లు ముందు భీముడి భుజంలో పరీక్ష రాసి వచ్చినవే.

బొమ్మ తప్పితే నవ్వు పుడుతుంది. బ్యాటరీ తప్పితే నిప్పు పుడుతుంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ల పెద్దాయన పోయాడు. అదే ఏడు సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయారు. కంపెనీ సరుకే ఇట్లా ఉండటంతో ఆ ఏడే కేంద్రం బ్యాటరీ పరీక్షల నిబంధనలు బిగించింది. ఇప్పుడు లిథియం సెల్లులు చవకై, విడివిడిగా దొరుకుతున్నాయి. లెడ్ డబ్బా కంటే మూడు నాలుగింతలు తేలిక, అంతకంతా ప్రమాదం. ఒక్కో సెల్లుపై కాపలా కాసే సర్క్యూటు లేకుండా, టేపు చుట్టి, వంటింటి ప్లగ్గుకు తగిలిస్తే అది బండి కాదు, బాంబు. మా బావ లిథియం జోలికి పోలేదు. పోయే కుర్రాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్లకు శాలువా కప్పడమంటే ఆ టేపుకు ముద్ర వేయడమే.

చట్టం ఏమంటుంది? 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న ద్విచక్ర వాహనాలకు, బరువు పరిమితికి లోబడ్డాయని పరీక్షల సంస్థ ధ్రువీకరిస్తే, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అది దాటితే నమూనాను పుణె ఏఆర్ఏఐ లాంటి సంస్థలో పరీక్ష చేయించి అనుమతి తెచ్చుకోవాలి. పాత పెట్రోలు బండిని బ్యాటరీకి మార్చాలన్నా ఆమోదం పొందిన కిట్టే వాడాలి. ఈ నిబంధనలు తప్పని నేను అనను. రోడ్డు మీద నడిచేవాళ్ల ప్రాణాలకు అవి కంచె. కాకపోతే రేకుల షెడ్డుకు, పుణెకు మధ్య ఒక్క మెట్టు కూడా లేదు. వెళితే పుణెకు వెళ్లాలి, లేదంటే దొంగచాటుగా మంచిర్యాల రోడ్డెక్కాలి.

ప్రభుత్వం ఏమీ చేయలేదంటే అబద్ధమవుతుంది. 2019 నుంచి 'ఇంటింటా ఇన్నోవేటర్' పేరుతో ఆగస్టు 15న జిల్లాల్లో ప్రదర్శనలు పెడుతున్నారు. 2023 మార్చిలో హైదరాబాద్ రాయదుర్గంలో 78,000 చదరపు అడుగుల టీ-వర్క్స్ తెరిచారు. నమూనాలు చేసుకునేవాళ్లకు అది మంచి చోటు. ప్రదర్శన మాత్రం ఏడాదికి ఒక్క పూట. రాయదుర్గం ఇక్కడికి రెండు వందల యాభై కిలోమీటర్లు. మా బావ బండి పరిధి పదహారు.

కొత్త భవనం కట్టమని అడగడం లేదు. శ్రీరాంపూర్‌లో ఉన్నవే చాలు. సింగరేణి ఏరియా వర్క్‌షాపులో లేతులున్నాయి, వెల్డింగు ఉంది, మోటార్లు పరీక్షించే పనిముట్లు ఉన్నాయి. మంచిర్యాలలో ఐటీఐ ఉంది. బెల్లంపల్లిలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇవాళ నలభై వేల దరిదాపుకు వచ్చారు. అంటే యంత్రం శబ్దం విని జబ్బు చెప్పగల ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు నెలనెలా దండలేయించుకుని ఇంటికి పోతున్నారు. చెప్పే గురువులూ ఇక్కడే ఉన్నారు.

నెలకు ఒక ఆదివారం చాలు. వర్క్‌షాపు లోపలికి రానివ్వడం కంపెనీకి కుదరకపోతే గేటు బయట ఒక షెడ్డు వేయండి. అక్కడ మూడు ఉండాలి: బ్యాటరీని నిప్పు భయం లేకుండా చార్జి చేసి, లోడు పెట్టి చూసే ఇసుక తొట్టీ మీటర్లూ; బ్రేకులు పరీక్షించడానికి జనం తిరగని వంద గజాల దారి; ఏది బాగుంది, ఏది బాగాలేదు అని కాగితం మీద రాసి సంతకం పెట్టే ఒక ఇంజనీరు. బీమా ఎవరు కడతారు, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదని అధికారులు అడుగుతారు, అడగాలి కూడా. అయితే ఇప్పుడు ఆ ప్రమాదం ఇళ్లలో, పిల్లలు పడుకున్న గది పక్కన పొంచి ఉంది. దానికి బాధ్యులు ఎవరు? బాయిలో ప్రతి స్విచ్చునూ పరీక్షించే అలవాటున్న సంస్థకు ఆ అలవాటును గేటు బయటికి తేవడం అసాధ్యమేమీ కాదు.

మా బావ ఇప్పుడు బండికి ఫ్యూజు పెట్టాడు, బ్యాటరీ పక్కనే, చేతికి అందేలా. ఒక బామ్మర్ది ఎగతాళికి పెట్టిన ఫ్యూజు అది. ఒక ఊరికి భద్రత బామ్మర్దుల ఎగతాళి మీద ఆధారపడకూడదు.

అందుకే నాయకులకు, అధికారులకు, మా పత్రికల వాళ్లకు కూడా ఒక మనవి. ఈసారి ఏ కుర్రాడి షెడ్డుకైనా శాలువా పట్టుకుని వెళ్తే, దాన్ని కాసేపు చంకలోనే ఉంచండి. ముందు సీటు ఎత్తించి, ఫ్యూజు ఎక్కడుందో చూపించమనండి.