ఆవకాయ జాడీ, ఐసీయూ గొట్టం

మొన్న ఆవకాయ కాయల కోసం పూర్ణా మార్కెట్‌కి వెళ్తే, ఏటా మాకు కాయలిచ్చే ఆవిడ "ఏటమ్మా, ఈ ఏడు మీ అత్తగారు రానేదేటి?" అని అడిగింది. "నీరసంగా ఉన్నారు, వచ్చే ఏడు వస్తార్లే" అన్నాను.

ఆ నీరసం వెనక కథ ఉంది. చలికాలంలో ఆవిడ ఐసీయూలో ఉన్నారు. మందులెక్కించడానికి మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి గొట్టం వేశారు. సెంట్రల్ లైన్ అంటారు. చేతికి పెట్టే సెలైన్ సూదిలా కాదు, దాని కొస గుండె దగ్గర దాకా వెళ్తుంది. అందులోంచి క్రిమి దూరితే నేరుగా రక్తంలోకే. తొమ్మిదో రోజు చలిజ్వరం వచ్చింది. లైన్ వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్ అన్నారు. తేరుకోవడానికి ఇంకో పన్నెండు రోజులు పట్టింది.

అంతకు రెండు రోజుల ముందు ఒకటి చూశాను. ఒక డాక్టరుగారు పక్క మంచం దగ్గర్నుంచి వచ్చి, చేతులు శుభ్రం చేసుకోకుండానే ఆ గొట్టం మూత విప్పారు. సిస్టర్ చెయ్యి స్పిరిట్ దూది దాకా వెళ్లి ఆగిపోయింది. తర్వాత అడిగితే "పెద్దవాళ్లకి మేమెలా చెప్తాం ఆంటీ?" అంది. ఇన్ఫెక్షన్‌కి అదే కారణమని నేననలేను. ఆ ఆగిపోయిన చెయ్యిని మాత్రం మర్చిపోలేను.

మా ఇంట్లో ఆవకాయ జాడీకి అత్తగారే కాపలా. తడి గరిటె పెట్టబోతే మావగారినైనా సరే "ఆగండి!" అనేవారు. ఆ మాటకి ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. ఏడాది పచ్చడి నిలవాలిగా మరి.

అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి డాక్టర్ పీటర్ ప్రొనొవోస్ట్ చేసిందీ ఇలాంటిదే. 2001లో ఆయన ఐదు పనుల చిన్న జాబితా రాశారు: చేతులు కడుక్కోవడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, లైన్ వేసేటప్పుడు మాస్కు, గౌను, గ్లౌజులు వేసుకుని రోగికి పూర్తిగా శుభ్రమైన గుడ్డ కప్పడం, వీలైనంతవరకు తొడ దగ్గర వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. ఏదైనా తప్పితే డాక్టరునైనా ఆపే అధికారం నర్సుకి ఇచ్చారు. మిషిగన్ రాష్ట్రంలో వందకి పైగా ఐసీయూల్లో ఇదే పెట్టారు. ఆ ఫలితాలు 2006లో వచ్చాయి. మూడు నెలల్లోనే కనీసం సగం ఐసీయూల్లో ఈ ఇన్ఫెక్షన్లు సున్నాకి దిగాయి. ఏడాదిన్నరకి మొత్తం మీద మూడింట రెండు వంతులు తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త మిషను లేదు.

మన ఆసుపత్రుల్లో స్పిరిట్ ఉంది, గ్లౌజులున్నాయి, చదువుకున్న సిస్టర్లున్నారు. లేనిదల్లా "ఆగండి" అనే హక్కు. అది యాజమాన్యమే రాతపూర్వకంగా ఇవ్వాలి. అలా ఆపిన పిల్లని మందలించకూడదు. ఒక్కో సిస్టర్‌కి నాలుగేసి మంచాలు అప్పగించి శుభ్రత గురించి ఉపన్యాసాలివ్వడమూ న్యాయం కాదు.

మన వంతూ ఉంది. "ఈ లైన్ ఇవాళ కూడా అవసరమా అండీ?" అని రోజూ అడుగుదాం. చేతులు కడుక్కోమని సిస్టర్ మనకి చెప్తే విసుక్కోవద్దు. ఆ మాట అలవాటైతేనే రేపు పెద్దవాళ్లకీ చెప్పగలదు.

ఈ ఏడు ఆవకాయ నేనే కలిపాను. అత్తగారు కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. నేను గరిటె అందుకోగానే వెనక నుంచి "ఆగు, తుడిచావా?" అన్నారు.

ఎంత హాయిగా అనిపించిందో!